బింగ్‌హామ్ కాన్యన్: ముందే తెలిసి కూలిన గని గోడ, దాని తొలగింపు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న బింగ్‌హామ్ కాన్యన్ రాగి గని ఈశాన్య గోడ 2013 ఏప్రిల్ 10వ తేదీ రాత్రి 9.30 గంటలకు కూలిపోయింది. గంటన్నర తరువాత, 11.05 గంటలకు, పైన మిగిలిన భాగంలో మరికొంత కూలింది. ఒక్కొక్క విడత సుమారు 90 సెకన్లలో ముగిసింది. రెండు విడతలలో కలిపి సుమారు 6.5 కోట్ల ఘనపు మీటర్ల రాయి, మట్టి గని అడుగుకు చేరాయి. ఆ శిథిలాల బరువు 14.5 కోట్ల నుంచి 16.5 కోట్ల టన్నుల వరకు ఉంటుందని వేర్వేరు అంచనాలు వెలువడ్డాయి. న్యూయార్క్ నగరంలోని సెంట్రల్ పార్కు మీద ఈ శిథిలాలను సమంగా పరిస్తే దాదాపు 20 మీటర్ల మందాన పేరుకుంటాయని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. అగ్నిపర్వతాల వల్ల జరిగినవాటిని మినహాయిస్తే, ఉత్తర అమెరికా ఆధునిక చరిత్రలో ఇంత పెద్ద కొండచరియల పతనం మరొకటి నమోదు కాలేదు.

ఇంత జరిగినా ఒక్కరి ప్రాణమూ పోలేదు, ఒక్కరికీ గాయం కాలేదు. గని అప్పటికే ఖాళీగా ఉంది.

గని భద్రత గురించి చర్చ వచ్చిన ప్రతిచోటా ఈ ఘటనను విజయగాథగా ఉదాహరిస్తారు. అది చాలావరకు నిజమే. అయితే సంస్థ నిపుణులు గోడ కూలే సమయాన్ని దాదాపు సరిగ్గానే పసిగట్టినా, కూలిన రాయి ఎంత, అది ఎంత దూరం పరుగెత్తుతుంది అనే విషయంలో పొరబడ్డారు. సురక్షితమని భావించి నిలిపిన చోటనే భారీ యంత్రాలు సమాధి అయ్యాయి. ఆ తరువాత మొదలైన తొలగింపు పని నెలలతో ముగియలేదు. దాని ప్రభావం ఏళ్ల తరబడి గనిని వెంటాడింది.

గని ఎటువంటిది

సాల్ట్ లేక్ సిటీకి నైరుతి దిశలో ఓకర్ పర్వతాలున్నాయి. 1848లో పశువులు మేపుకొంటూ అక్కడికి వచ్చిన బింగ్‌హామ్ సోదరుల పేరే ఆ లోయకు స్థిరపడింది. 1863 నుంచి అక్కడ ఖనిజాల తవ్వకం సాగింది. అయితే రాగి ముడిఖనిజంలో లోహపు పాలు చాలా తక్కువ. టన్ను రాయిని తవ్వితే సుమారు 20 కిలోల రాగి మాత్రమే దక్కే నిక్షేపాన్ని లాభసాటిగా తవ్వడం అసాధ్యమని ఆనాటి గని యజమానులు భావించారు. డేనియల్ జాక్లింగ్ అనే ఇంజినీరు అందుకు ఒప్పుకోలేదు. సొరంగాలు తవ్వకుండా కొండనే పైనుంచి మెట్లుమెట్లుగా చెక్కుకుంటూ పోతే, పరిమాణమే లాభాన్ని తెచ్చిపెడుతుందని ఆయన వాదించారు. 1903లో యూటా కాపర్ కంపెనీ ఏర్పడింది. 1906లో ఆవిరి షావెళ్లతో ఉపరితల తవ్వకం మొదలయింది. నేడు ప్రపంచంలోని పెద్ద రాగి గనులలో చాలా వాటిలో అనుసరిస్తున్న పద్ధతికి ఇదే తొలి పెద్ద నమూనా.

శతాబ్దం గడిచేసరికి అక్కడ కొండ మిగలలేదు. దాని స్థానంలో సుమారు 4 కిలోమీటర్ల వెడల్పు, దాదాపు కిలోమీటరు లోతు గల గొయ్యి ఏర్పడింది. గని విస్తరణలో లోయలోని బింగ్‌హామ్ కాన్యన్ పట్టణమే అంతరించింది. 1971లో ఆ పట్టణపు పురపాలక హోదా రద్దయింది. అంతకు 5 సంవత్సరాల ముందు, 1966లో, గనికి అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపునిచ్చింది. ఊరును మింగిన గొయ్యి చారిత్రక కట్టడాల జాబితాలో చేరిందన్నమాట. 1989 నుంచి ఈ గని రియో టింటో అధీనంలో ఉంది. దాని అనుబంధ సంస్థ కెన్నకాట్ యూటా కాపర్ దీనిని నడుపుతోంది.

గోడ ఎందుకు కదిలింది

ఉపరితల గనిలో తవ్వకం మెట్ల రూపంలో సాగుతుంది. మన సింగరేణి ప్రాంతంలో ఈ మెట్లను బెంచీలు అంటారు. ఒక్కొక్క బెంచీ ఎత్తు, వెడల్పు, మొత్తం గోడ వాలు ఎంత ఉండాలన్నది గని ఆర్థిక వ్యవస్థను శాసించే ప్రశ్న. గోడను నిటారుగా నిలిపితే పనికిరాని రాయిని తక్కువగా తవ్వవలసి వస్తుంది, ఖర్చు తగ్గుతుంది. వాలుగా ఉంచితే భద్రత పెరుగుతుంది, కానీ కోట్ల టన్నుల వ్యర్థ రాయిని అదనంగా మోయాలి. బింగ్‌హామ్ వంటి లోతైన గనిలో వాలు ఒక్క డిగ్రీ మారినా ఆ తేడా చాలా పెద్దది. అందువల్ల ప్రతి పెద్ద గని గోడా, భద్రతకూ ఖర్చుకూ మధ్య కుదుర్చుకున్న ఒప్పందం మీదనే నిలబడి ఉంటుంది.

ఈశాన్య గోడలో మానెఫే అని పేరుగల బలహీనమైన పొర ఒకటుంది. అది అవక్షేప శిలల మధ్య, గొయ్యి వైపు వాలుగా పరుచుకొని ఉంది. పుస్తకాల దొంతరను కాస్త వంచి పట్టుకున్నప్పుడు, మధ్యలోని ఒక నున్నని అట్ట మీదుగా పై పుస్తకాలన్నీ జారినట్లుగా, ఆ పొర మీద ఉన్న రాతి భాగమంతా ఒక్కటిగా జారింది. అడుగున తవ్వకం లోతుకు పోయేకొద్దీ పైభాగానికి ఉన్న ఆసరా తగ్గుతూ వచ్చింది. ఆ పొర పేరు మీదనే ఈ ఘటనను మానెఫే పతనంగా వ్యవహరిస్తున్నారు.

గోడ కదులుతున్న సంగతి 2013 ఫిబ్రవరిలోనే బయటపడింది. గని గోడల మీద అద్దాల పట్టకాలను అమర్చి, ఎదుటి గట్టు నుంచి లేజర్ కిరణాలతో వాటి దూరాన్ని నిరంతరం కొలుస్తారు. పగుళ్లకు అడ్డంగా తీగలు కట్టి వాటి సాగుదలను చూస్తారు. వీటికి తోడు రాడార్ యంత్రం గోడ మొత్తాన్ని కొద్ది నిమిషాలకొకసారి పరిశీలించి, మిల్లీమీటర్ల స్థాయి కదలికను సైతం రంగుల పటంగా చూపుతుంది. ఏప్రిల్ నాటికి గోడ రోజుకు 5 సెంటీమీటర్ల దాకా కదిలింది.

గోడ కదులుతోందంటే కూలుతుందని అర్థం కాదు. పెద్ద గనులలో గోడలు ఎంతో కొంత కదులుతూనే ఉంటాయి. కొన్ని కదిలి ఆగిపోతాయి. ప్రమాదాన్ని తెలిపేది కదలిక వేగం కాదు, ఆ వేగం పెరిగే తీరు. దానిని లెక్కించడానికి నిపుణులు వాడే పద్ధతి వినడానికి చాలా సరళంగా ఉంటుంది. గోడ ఒక సెంటీమీటరు కదలడానికి పట్టే సమయాన్ని వరుసగా గుర్తిస్తూ పోతారు. మొదట 20 గంటలు, తరువాత 15, ఆ తరువాత 10 అన్నట్లు ఆ సమయం క్రమంగా తగ్గుతుంటే, రేఖాపటంలో ఆ గీతను ముందుకు పొడిగిస్తారు. అది ఎక్కడ సున్నాను తాకుతుందో, ఆ ఘడియకు అటూఇటూగా గోడ కూలుతుంది. జపాన్ పరిశోధకుడు ఫుకుజోనో 1985లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. కదలికను కొలిచి పతనాన్ని ముందే చెప్పడం అంతకుముందూ జరిగింది. చిలీలోని చుకీకమాటా రాగి గనిలో 1969 ఫిబ్రవరి 18న గోడ కూలుతుందని ఇంజినీర్లు దాదాపు 5 వారాల ముందే అంచనా కట్టారు. ఆ రోజునే అది కూలింది.

ఏప్రిల్ 10

బింగ్‌హామ్‌లో పతనానికి సన్నాహాలు వారాల ముందే మొదలయ్యాయి. ప్రమాద ప్రాంతంలో ఉన్న సందర్శకుల కేంద్రాన్ని మూసివేశారు. కొన్ని భవనాలను ఖాళీ చేయించారు. విద్యుత్తు, నీటి లైన్లను దారి మళ్లించారు. ఏప్రిల్ 10 ఉదయం కదలిక మరింత పెరగడంతో 11 గంటల వేళకు గనిలోని సిబ్బందిని బయటకు పంపించివేశారు. రాత్రి తొలి పతనం జరిగేనాటికి పది గంటలుగా గొయ్యిలో మనుషులు లేరు.

రాత్రి 9.30 గంటలకు ఏం జరిగిందో కంటితో చూసినవారు లేరు గానీ భూమి మాత్రం చక్కగా నమోదు చేసింది. యూటా విశ్వవిద్యాలయ భూకంప కేంద్రాల యంత్రాలు రెండు పతనాలనూ గుర్తించాయి. ఉపరితల తరంగాల ప్రకారం కొలిస్తే వాటి పరిమాణం 5.1, 4.9గా తేలింది. స్థానికంగా భూకంపాలను కొలిచే మామూలు పద్ధతిలో చూస్తే అదే ఘటన 2.5 ప్రాంతంలోనే ఉంది. ఈ తేడాకు కారణముంది. భూకంపంలో రాయి ఒక్కసారిగా తెగి, శక్తి క్షణాల్లో విడుదలవుతుంది. కొండచరియ నిమిషంన్నర పాటు జారుతూ, నేలను తీరిగ్గా తోస్తుంది. అందువల్ల అది నెమ్మదైన, పొడవైన తరంగాలను పుట్టిస్తుంది. పతనపు శబ్దం మనిషి చెవికి అందని స్థాయిలో వందల కిలోమీటర్ల దూరంలోని పరికరాలను చేరింది. శిథిలాలు సగటున గంటకు 110 కిలోమీటర్ల వేగంతోనూ, కొన్నిచోట్ల 160 కిలోమీటర్లకు మించిన వేగంతోనూ కదిలాయని పరిశోధకులు అంచనా వేశారు.

ఆ బృందం 2014 జనవరిలో ప్రచురించిన పత్రంలో మరొక విశేషం ఉంది. పతనం తరువాత గని ప్రాంతంలో 16 చిన్న భూకంపాలు వచ్చాయి. భూకంపం వల్ల కొండచరియలు విరిగిపడటం హిమాలయ రాష్ట్రాలవారికి కొత్త కాదు. కొండచరియలే భూకంపాలను పుట్టించినట్లు నమోదు కావడం మాత్రం ఇదే మొదటిసారి. కోట్ల టన్నుల బరువు ఒక్కసారిగా ఒకచోటి నుంచి మరొకచోటికి మారడంతో అడుగున ఉన్న రాతిలో ఒత్తిడి చెదిరి, ఈ ప్రకంపనలు వచ్చాయని వారు వివరించారు.

తెల్లవారి చూసేసరికి గని రూపం మారిపోయింది. గొయ్యి అడుగున శిథిలాలు పదుల మీటర్ల మందాన పేరుకున్నాయి. లోపలికి వెళ్లే ప్రధాన రహదారి చాలా దూరం వరకు మాయమయింది. పదికి పైగా భారీ ట్రక్కులు, 3 విద్యుత్ షావెళ్లు దెబ్బతిన్నాయి లేదా పూర్తిగా నాశనమయ్యాయి. ఒక్కొక్క ట్రక్కు మూడంతస్తుల ఇంటి ఎత్తు ఉంటుంది. వాటిని నిలిపిన చోటు శిథిలాల దారికి దూరమనే భావించారు. కానీ పెద్ద పతనాలు చిన్నవాటి లెక్కకు లొంగవు. కొద్దిపాటి రాళ్లు జారితే అవి గోడ పాదాల దగ్గరే ఆగిపోతాయి. కోట్ల ఘనపు మీటర్ల రాయి విరిగినప్పుడు అది నుగ్గునుగ్గయి, దాదాపు ప్రవాహంలా మారి, తాను పడిన ఎత్తుకు ఎన్నో రెట్ల దూరం సాగుతుంది. బింగ్‌హామ్‌లో శిథిలాలు రెండు కిలోమీటర్లకు మించి ప్రయాణించాయి. ఎప్పుడు కూలుతుందన్న ప్రశ్నకు సమాధానం దొరికినంత మాత్రాన, ఎక్కడిదాకా వస్తుందన్న ప్రశ్నకు దొరికినట్లు కాదని అక్కడి ఇంజినీర్లు ఖరీదైన రీతిలో నేర్చుకున్నారు.

ఖాళీ చేయని గనులు

ఈ ఘటన జరిగిన మూడేళ్లకు, 2016 డిసెంబరు 29న, ఝార్ఖండ్‌లోని గొడ్డా జిల్లా లాల్‌మటియాలో రాజ్‌మహల్ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మట్టి దిబ్బ జారింది. కోల్ ఇండియా అనుబంధ సంస్థ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఆధ్వర్యంలోని ఆ గనిలో చీకటి పడిన వేళ కాంట్రాక్టు కార్మికులు పనిలో ఉన్నారు. 300 మీటర్ల పొడవు, 110 మీటర్ల వెడల్పు గల నేల 35 మీటర్ల మేర కిందికి జారిందని సంస్థ ప్రకటించింది. పరిమాణంలో బింగ్‌హామ్‌తో పోల్చదగినది కాదు. అయినా 23 మంది మరణించారు. నేలలో పగుళ్లు అంతకుముందే కనిపించాయన్న ఆరోపణలు కార్మికుల నుంచి వచ్చాయి. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ విచారణ చేపట్టింది.

మయన్మార్‌లో పరిస్థితి మరీ ఘోరం. కచిన్ రాష్ట్రంలోని ఫాకాంత్ పచ్చరాయి గనుల వద్ద 2020 జులై 2న, భారీ వర్షాల మధ్య, వ్యర్థాల గుట్ట ఒకటి నీటితో నిండిన పాత గొయ్యిలోకి కూలింది. లేచిన కెరటం గుట్ట పాదాన రాళ్లు ఏరుకుంటున్నవారిని ముంచెత్తింది. 170 మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఏ సంస్థ హాజరు పట్టికలోనూ లేని పేదలు, యంత్రాలు వదిలేసిన మట్టిలో చిన్న రాయి దొరికినా చాలునని దూర ప్రాంతాల నుంచి వలస వచ్చినవారు. అటువంటి చోట రాడార్ ఉన్నా దాని హెచ్చరికను ఎవరికి వినిపించాలన్నది తేలని ప్రశ్న.

మన దేశంలో తవ్వే బొగ్గులో అత్యధిక భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గనుల నుంచే వస్తోంది. తెలంగాణలో సింగరేణి సంస్థ ఉత్పత్తిలోనూ వాటిదే పెద్ద వాటా. రామగుండం, మణుగూరు, కొత్తగూడెం ప్రాంతాలలో గనుల చుట్టూ లేచిన ఓబీ గుట్టలు దూరపు ప్రయాణికులకు సహజమైన కొండల్లాగే కనిపిస్తాయి. బొగ్గు మీది మట్టిని, రాతిని తవ్వి పోసిన ఆ గుట్టలు వానాకాలంలో నీటిని పీల్చుకొని బరువెక్కుతాయి. గట్టి రాతి గోడ కంటే వదులు మట్టి గుట్ట భిన్నంగా జారుతుంది. దానిలో హెచ్చరికకు దొరికే వ్యవధి కొన్నిసార్లు గంటలకు మించదు. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల స్థానంలో 2017లో వచ్చిన కొత్త నిబంధనలు వాలుల శాస్త్రీయ అధ్యయనానికీ, నిరంతర పర్యవేక్షణకూ మునుపటి కంటే ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చాయి. వాలులను గమనించే రాడార్లు సింగరేణి సహా పలు సంస్థల గనులకు చేరాయి. పరికరం కంటే కష్టమైనది, అది హెచ్చరించినప్పుడు ఉత్పత్తి లక్ష్యాన్ని పక్కనపెట్టి షిఫ్టును ఆపించే నిర్ణయం. బింగ్‌హామ్‌లో ఆ నిర్ణయం ఉదయం 11 గంటలకే జరిగింది.

తొలగింపు పైనుంచి మొదలయింది

కూలిన రాతిని ఎత్తివేయడమంటే అడుగున ఉన్న కుప్పను ట్రక్కులకెత్తి తరలించడమేనని సాధారణంగా అనుకుంటాం. బింగ్‌హామ్‌లో ఇంజినీర్ల తొలి చింత ఆ కుప్ప గురించి కాదు. గోడ విరిగిన చోట, చాలా ఎత్తున, నిటారైన కొత్త అంచు మిగిలింది. దాని మీద సగం ఊడిన రాళ్లు, చీలిన బెంచీల ముక్కలు వేలాడుతున్నాయి. అవి ఎప్పుడు జారుతాయో చెప్పడం కష్టం. ఆ అంచు కింద మనిషిని నిలబెట్టడానికి వీలులేదు. అంచు మీదికి మనిషిని పంపడానికీ వీలులేదు. అంచును సరిచేయనిదే అడుగున పని సాగదు.

ఇక్కడనే దూరం నుంచి నడిపే యంత్రాలు అక్కరకు వచ్చాయి. బుల్డోజర్లు, ఎక్స్‌కవేటర్లు, డ్రిల్లింగ్ యంత్రాల మీద కెమెరాలు, రేడియో పరికరాలు బిగించారు. వాటిని నడిపేవారు సురక్షిత దూరంలో తెరల ముందు కూర్చొని, చేతిలోని మీటలతో యంత్రాన్ని అంచు మీదికి పంపేవారు. యంత్రం లోయలోకి జారినా పోయేది యంత్రమే. బుల్డోజర్‌లో కూర్చున్నవాడికి బ్లేడు రాతికి తగిలిన అదురు ఒంటికి తెలుస్తుంది. ఇంజిను మూలుగును బట్టి భారాన్ని అంచనా కడతాడు. తెర ముందు కూర్చున్నవాడికి ఆ రెండూ లేవు. అనుభవజ్ఞులైన డ్రైవర్లు సైతం కొత్తగా పని నేర్చుకోవలసి వచ్చింది. అంచు మీది వదులు రాతిని ఇలా కొంచెం కొంచెంగా కిందికి నెట్టి, కొత్త బెంచీలు చెక్కి, వాలును తగ్గించారు. ఈ పని సాగినంతకాలం అదనపు రాడార్లు గోడను గమనిస్తూనే ఉన్నాయి. కదలిక పెరిగిన ప్రతిసారీ పని ఆపి జనాన్ని బయటకు రప్పించేవారు.

రెండవ పని దారి. లోతైన గనికి రహదారే ప్రాణం. ముడిఖనిజం మోసే ట్రక్కులు నిండు బరువుతో ఎక్కగలిగే వాలు సుమారు పదింటికి ఒకటి మాత్రమే. అంతకు మించి నిటారుగా ఉంటే ఎక్కేటప్పుడు ఇంజను, దిగేటప్పుడు బ్రేకులు తట్టుకోలేవు. కాబట్టి కూలిన దారికి బదులు ఎక్కడో ఒకచోట చిన్న అడ్డదారి వేసేందుకు వీలులేదు. శిథిలాల మీదనే, వాటిని తొక్కించి గట్టిపరుస్తూ, లెక్క ప్రకారం వాలుతో కొత్త దారి వేయాలి. శిథిలాలు ఎంత వదులుగా ఉన్నాయో, లోపల నీరు ఎక్కడ నిలిచిందో ముందు తెలియాలి. కూలని వైపున పరిమిత స్థాయిలో తవ్వకం కొద్ది వారాలలోనే మొదలయినా, భారీ ట్రక్కులు అడుగుదాకా దిగేందుకు తగిన దారి తిరిగి ఏర్పడేసరికి 2013 చివరికి వచ్చింది. అయినా చాలామంది నిపుణులు ఊహించిన దానికంటే అది వేగంగానే జరిగింది.

శిథిలాలలో కొంత భాగం ఎలాగూ ఏదో ఒకనాడు తవ్విపోయవలసిన వ్యర్థ రాయి. ప్రకృతి దానిని ఉచితంగా పగలగొట్టి కింద పడేసిందని ఒక కోణంలో చెప్పుకోవచ్చు. కానీ అది పడిన చోటు ముడిఖనిజం ఉన్న చోటు. గట్టు మీద ఉన్నప్పుడు కొద్ది దూరం మోస్తే సరిపోయే రాతిని ఇప్పుడు గొయ్యి అడుగు నుంచి మొత్తం ఎత్తుకు మోసుకురావాలి. మోత ఖర్చే గని ఖర్చులో పెద్దది కాబట్టి, ఈ ఉచితం ఏమంత ఉచితం కాదు.

కార్మికుల ప్రాణాలు దక్కినా జీవనోపాధికి దెబ్బ తగిలింది. పని లేని రోజులకు కూడబెట్టుకున్న సెలవులు వాడుకోవాలని, లేదా జీతం లేని సెలవు తీసుకోవాలని సంస్థ సిబ్బందిని కోరింది. ఆ ఏడాది రాగి ఉత్పత్తి దాదాపు సగానికి పడిపోవచ్చని తొలి అంచనాలు వచ్చాయి.

నీరు, బరువు

దారి పడింది, ట్రక్కులు తిరుగుతున్నాయి కాబట్టి కథ ముగిసిందనుకోవడానికి వీలులేకపోయింది. మానెఫే పొర ఒక్క ఈశాన్య మూలకే పరిమితం కాదని, తూర్పు గోడలో మిగిలిన భాగానికీ అదే ప్రమాదం ఉండవచ్చని ఇంజినీర్లు భావించారు. ఆ తరువాతి సంవత్సరాలలో రెండు పనులు పెట్టుకున్నారు. మొదటిది గోడ లోపలి నీటిని తోడడం. రాతి పగుళ్లలో నిలిచిన నీరు పై భాగాన్ని పైకి ఎత్తుతూ, పొరల మధ్య రాపిడిని తగ్గిస్తుంది. బావులు, వాలు రంధ్రాలు వేసి దానిని బయటకు తీస్తే గోడ పట్టు పెరుగుతుంది. రెండవది గోడ పైభాగాన బరువు తగ్గించడం, అంటే కూలగల రాతిని కూలకముందే మనమే తవ్వి తీసివేయడం.

ఈ పనులలో రాగి దొరకదు. 2015లో బింగ్‌హామ్ కాన్యన్ రాగి ఉత్పత్తి బాగా పడిపోయినప్పుడు, తూర్పు గోడపై భారం తగ్గించి, నీటిని తోడే కార్యక్రమమే అందుకు కారణమని రియో టింటో తన ఉత్పత్తి నివేదికలలో పేర్కొంది. పతనం జరిగిన రెండేళ్లకు, గోడ మళ్లీ కూలకుండా ఉండేందుకు చెల్లించిన మూల్యమది. కూలిన రాతిని ఎత్తివేసిన ఖర్చు వార్తలకెక్కింది. కూలని గోడ మీద పెట్టిన ఈ ఖర్చు గురించి గని రంగం వెలుపల విన్నవారు తక్కువ.

సందర్శకుల కేంద్రం మాత్రం చాలా కాలం తెరుచుకోలేదు. 2019లో దానిని కొత్త చోట తిరిగి ప్రారంభించారు. గట్టు మీద నిలబడి చూసేవారికి ఈశాన్య గోడ మీద 2013 నాటి మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది. దాని కిందుగా, శిథిలాల మీద వేసిన దారిలో ట్రక్కులు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి.